మోకాలి ఎక్సోకు పీఐడీనా, ఈఎంజీనా, డీప్ లెర్నింగా? ముందు తొడుక్కునేదెవరో చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విశాఖలో ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్, నలుగురి టీమ్. పక్షవాతం వచ్చి ఒక కాలు బలహీనపడినవాళ్ల కోసం మోకాలికి తొడిగే రోబో (ఎక్సోస్కెలిటన్, పొట్టిగా ఎక్సో) చేస్తున్నారు. మోటారు, గేరుబాక్సు, బ్రేసు కొనేశారు. కండరాల విద్యుత్ సంకేతాన్ని చర్మం మీంచి పట్టే ఈఎంజీ బోర్డు కూడా తెప్పించారు. సీనియర్లు పీఐడీ (కావలసినదానికీ ఉన్నదానికీ తేడా చూసి మోటారును సరిదిద్దే మామూలు కంట్రోలు సూత్రం) చాలంటున్నారు, గైడు డీప్ లెర్నింగ్ (డేటా నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులు) పెట్టమంటున్నారు, మీకేమో ఈఎంజీ మీద మనసుంది. మూడింట్లో ఏది బెస్ట్ అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "మోటారు ఆపేసి తొడుక్కుంటే కాలు కదపడమే కష్టంగా ఉంది, అది తర్వాత చూసుకుంటాం." నా లెక్కలో మీ అసలు సమస్య ఆ చివరి మాటలోనే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

నేను చాలా ఏళ్లుగా మోటారు డ్రైవ్‌ల మీద పనిచేస్తున్నాను. అందులో కొంతకాలం కాళ్లకు తొడిగే పరికరాల మీద, ఫిజియోథెరపిస్టుల పక్కన నిలబడి చేసిన పని. కాబట్టి పేపర్లలో ఉన్నదానితో పాటు నాకు తోచినదీ చెప్తాను. ఆ రెండోదానితో మీరు పేచీ పెట్టుకోవచ్చు.

ముందు ఒక చిక్కు విప్పుదాం. పీఐడీ, ఈఎంజీ, డీప్ లెర్నింగ్ అనేవి ఒకే పనికి మూడు పద్ధతులు కావు. ఎక్సో కంట్రోలును మామూలుగా మూడు అంచెలుగా చూస్తారు. పై అంచె, మనిషి ఏం చేయబోతున్నాడో కనిపెడుతుంది: నడుస్తాడా, ఆగుతాడా, మెట్లెక్కుతాడా, కుర్చీలోంచి లేస్తాడా. మధ్య అంచె, ఈ క్షణంలో కీలుకు ఎంత టార్కు (తిప్పే బలం) ఇవ్వాలో లెక్క కడుతుంది. కింది అంచె, ఆ అడిగిన టార్కు మోటారు నిజంగా ఇస్తోందా లేదా అని సెకనుకు వెయ్యిసార్లు చూసుకుంటుంది. పీఐడీ కాపురం కింది అంచెలో. ఈఎంజీ అసలు కంట్రోలరే కాదు, పై రెండు అంచెలకు వార్త మోసుకొచ్చే సెన్సరు. డీప్ లెర్నింగ్ ఎక్కువగా పై అంచెలో ఉండేది, ఈమధ్య మధ్య అంచెలోకి కూడా దిగుతోంది. అంటే మీ సీనియర్లూ, మీ గైడూ వాదించుకుంటున్నది రెండు వేర్వేరు అంచెల గురించి. ఇద్దరూ కరెక్టే కావచ్చు. ఇద్దరిలో ఎవరూ మధ్య అంచె సంగతి ఎత్తలేదు. పక్షవాతం కాలికి అసలు కథంతా అక్కడే.

మధ్య అంచెలో ఏం పెట్టాలన్నది, తొడుక్కునే మనిషి కాలు ఇంకా ఏం చేయగలదు అన్నదాన్ని బట్టి ఉంటుంది. వెన్నుపాము పూర్తిగా దెబ్బతిని నడుము కింద కదలిక లేనివాళ్ల సంగతి తీసుకోండి. అక్కడ కాలు ఏమీ చేయదు, కాబట్టి మిషను ఎటు తిప్పితే అటు వస్తుంది. తుంటి, మోకాలు ఏ క్షణంలో ఎన్ని డిగ్రీలుండాలో ముందే రాసిపెట్టుకుని, ఆ పథం వెంట పొజిషన్ కంట్రోలుతో నడిపిస్తే సరిపోతుంది. రీవాక్ అనే ఎక్సో ఈ కోవలోది. దాన్ని కనిపెట్టిన ఇజ్రాయెల్ ఇంజనీరు అమిత్ గోఫర్ ప్రమాదంలో చేతులూ కాళ్లూ పడిపోయినవాడు. చేతికర్రలు పట్టుకోగలిగితేనే ఆ పరికరంతో నడవగలరు కాబట్టి తను చేసినదాన్ని తనే వాడుకోలేకపోయాడు. 2014లో అమెరికాలో వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దాన్ని సొంతంగా ఇంట్లో వాడుకోవడానికి అనుమతించింది. అందులో మనిషి ఒళ్లు కాస్త ముందుకు వంచితే టిల్ట్ సెన్సరు పసిగట్టి ఒక అడుగు వేయిస్తుంది. ఎప్పుడు అన్నది మనిషి చేతిలో, ఎలా అన్నది మిషను చేతిలో. బ్యాలెన్సు భారం చేతికర్రలది. చేతికర్రలు లేకుండా తానే నిలదొక్కుకునే రెక్స్, వాండర్‌క్రాఫ్ట్ లాంటివీ ఉన్నాయి. అవి దాదాపు మనిషిని లోపల పెట్టుకున్న రెండు కాళ్ల రోబోలు, వాటి గణితమే వేరు. మీకిప్పుడు అక్కర్లేదు.

పక్షవాతం కాలు అలా కాదు. అది కొంత చేస్తుంది, కొంత చేయదు, కొన్నిసార్లు చేయకూడని టైములో చేస్తుంది. అలాంటి కాలికి రాసిపెట్టిన పథం తగిలించి పీఐడీతో లాగితే రెండింట్లో ఒకటి జరుగుతుంది. కాలు మిషనుతో కొట్లాడుతుంది. లేదంటే ఇంకా ఘోరం, కాలు పని మానేస్తుంది. మిషను ఎలాగూ లాగుతోందని నాడీవ్యవస్థ తన ప్రయత్నం తగ్గించుకుంటుంది. దీన్ని ఈ రంగంలో స్లాకింగ్ అంటారు. మెదడు మళ్లీ నేర్చుకోవాలన్న ఉద్దేశంతో కట్టిన పరికరం, నేర్చుకోనవసరం లేకుండా చేసేస్తుంది. ట్రెడ్‌మిల్ మీద నడిపించే స్విట్జర్లాండ్ లోకోమాట్ లాంటి యంత్రాలు ఈ విమర్శను గట్టిగా ఎదుర్కొన్నాయి. అందుకే అక్కడి పరిశోధకులు కచ్చితమైన పథం వదిలి, పథం చుట్టూ కొంత ఖాళీ ఇచ్చే పద్ధతులకు మళ్లారు. ఆ ఖాళీలో కాలు ఇష్టమొచ్చినట్టు కదలొచ్చు, బాగా పక్కకు పోతేనే మెత్తగా వెనక్కి నెడుతుంది. అవసరమైనంతే సాయం అనే మాటకు అర్థం ఇదే.

గాజువాక వైపునుంచి వచ్చే ఒక పెద్దాయన, పొజిషన్ కంట్రోలులో ఉన్న పరికరం తొడుక్కుని నాలుగడుగులు వేసి అన్న మాట నాకు ఏ పేపరు కంటే బాగా గుర్తుంది: "నా కాలు నా మాట ఇంటంది బాబూ, మీ మిషినే ఇనట్నేదు."

మరి వినే మిషను ఎలా కట్టాలి? ఇక్కడే మీ చివరి వాక్యం. మోటారు ఆపేస్తే కాలు కదపడం కష్టంగా ఉందన్నారు. లెక్క చూడండి. రోటరు (మోటారులో తిరిగే భాగం) జడత్వం, అంటే తిరగడానికి అది చూపే మొండితనం, 0.0001 కిలోగ్రాం మీటర్ స్క్వేర్ అనుకుందాం, గేరు నిష్పత్తి 100. కీలు దగ్గర నుంచి చూస్తే ఆ జడత్వం 100 రెట్లు కాదు, 100 స్క్వేర్, అంటే 10,000 రెట్లు కనిపిస్తుంది. మొత్తం 1. డెబ్బై కిలోల మనిషికి మోకాలి కింది కాలు, పాదం కలిపి మోకాలి చుట్టూ జడత్వం సుమారు 0.4. అంటే ఆ కాలు తన బరువుకు తోడు తనకు రెండింతలకు పైగా భారమైన ఇంకో కాలును మోస్తోంది, పైగా గేర్లలో రాపిడి. ఆరోగ్యవంతుడైన మీ టీమ్ మెంబరుకే కష్టమైతే, తొడ కండరం సగం పడిపోయిన మనిషి సంగతేమిటి? అదే రోటరుకు గేరు నిష్పత్తి 10 అయితే ఈ అదనపు జడత్వం 0.01. ఉందో లేదో తెలియదు. అందుకే కొత్త పరికరాల్లో చాలావరకు పెద్ద వ్యాసం ఉన్న చదునైన మోటారు, చిన్న గేరు నిష్పత్తి వాడుతున్నారు. మోటారు కాస్త బరువెక్కినా పర్వాలేదనుకుంటారు, కాకపోతే ఆ బరువును పాదం దగ్గర కాకుండా వీలైనంత నడుముకు దగ్గరగా పెడతారు. పాదం దగ్గర ఒక కిలో, నడుము దగ్గర ఒక కిలో శరీరానికి ఒకటి కావు. అడుగడుగునా ఊపాల్సింది పాదాన్నే కదా.

ఉన్న గేరుబాక్సు మార్చలేకపోతే రెండో దారి ఉంది. మోటారుకూ కాలికీ మధ్య తెలిసిన గట్టిదనం ఉన్న స్ప్రింగు పెట్టండి. 1995లో ఎంఐటీలో ప్రాట్, విలియమ్సన్ ప్రతిపాదించిన సిరీస్ ఎలాస్టిక్ యాక్చుయేటరు ఇదే. స్ప్రింగు ఎంత మెలితిరిగిందో ఎన్‌కోడరుతో (కోణం కొలిచే సెన్సరు) కొలిస్తే టార్కు తెలిసిపోతుంది. అప్పుడు టార్కు గురించి పీఐడీ రాయొచ్చు, సున్నా టార్కు అడిగి మిషనును కాలి వెనకే పరుగెత్తించొచ్చు. స్ప్రింగు లేకుండా లోడ్ సెల్ (బలం కొలిచే సెన్సరు) పెట్టినా ఫరవాలేదు. కరెంటు కొలిచి టార్కు ఊహించడం మాత్రం 100 నిష్పత్తి గేరుతో నమ్మదగింది కాదు, రాపిడి మొత్తం లెక్కను మింగేస్తుంది.

నేను మీ స్థానంలో ఉంటే రాసే మొదటి ప్రోగ్రాము సాయం చేసేది కాదు. అడ్డు రాకుండా ఉండేది. సున్నా టార్కు మోడులో పరికరం తొడుక్కుని, తొడుక్కోకుండా మోకాలి కోణం రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి గీయండి. రెండు గీతలు దాదాపు కలిసేదాకా ముందుకు పోకండి. ఇది థీసిస్‌లో రాసుకోవడానికి అంత ఆకర్షణీయంగా ఉండదని తెలుసు. కానీ ఇది లేకుండా పైన పెట్టే తెలివంతా, ముందు తానే వేసిన బరువును తానే మోయడానికి ఖర్చవుతుంది.

బ్రేసు గురించి ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. మోకాలు తలుపు బందు లాంటి కీలు కాదు, వంగేటప్పుడు దొర్లుతూ జారుతుంది, ఇరుసు చోటు మారుతుంది. దానికితోడు పట్టీలు కండరం మీద నొక్కుకుని జారతాయి. మీ ఎన్‌కోడరు చెప్పే కోణం బ్రేసు కోణం, మనిషి మోకాలి కోణం కాదు. మన దగ్గర పేషెంట్లు లుంగీతోనో చీరతోనో వస్తారు. గుడ్డ మీద పట్టీ బిగిస్తే పది అడుగులకే జారిపోతుంది. ట్రాక్ ప్యాంటు వేయించండి.

ఇక మధ్య అంచె. నా సలహా ఇంపీడెన్స్ కంట్రోలు, కొన్ని దశలుగా విడగొట్టి. ఇంపీడెన్స్ అన్న ఆలోచనను రోబోటిక్స్‌లో నిలబెట్టింది 1985లో నెవిల్ హోగన్ రాసిన పేపర్లు. విషయం సులువే. "ఇన్ని డిగ్రీల దగ్గర ఉండు" అని ఆజ్ఞాపించకుండా, "ఇన్ని డిగ్రీల దగ్గర కట్టిన ఒక స్ప్రింగులా, ఒక డ్యాంపరులా (వేగాన్ని అణిచే కుషన్‌లా) ప్రవర్తించు" అని చెప్పడం. టార్కు = గట్టిదనం × కోణాల తేడా, అందులోంచి డ్యాంపింగ్ × వేగం తీసేయాలి. అంతే. గట్టిదనం తగ్గిస్తే మిషను మెత్తబడుతుంది, సున్నా చేస్తే మాయమవుతుంది. మీ చేతిలో ఉన్న మీట అదే.

ఒక మడమ నేలను తాకిన దగ్గర్నుంచి అదే మడమ మళ్లీ తాకేదాకా ఒక నడక చక్రం. మామూలు నడకలో అది సెకను కంటే కాస్త ఎక్కువ. అందులో సుమారు 60 శాతం పాదం నేల మీద, 40 శాతం గాలిలో. పాదం ఆనగానే మోకాలు 15 నుంచి 20 డిగ్రీలు వంగి దెబ్బను మింగుతుంది, తర్వాత తిన్నబడుతుంది. గాలిలో దాదాపు 60 డిగ్రీలు వంగితేనే వేళ్లు నేలకు రాసుకోకుండా ముందుకు వస్తాయి. పక్షవాతంలో మోకాలికి వచ్చే చిక్కులు ప్రధానంగా మూడు: బరువు పడగానే మోకాలు మడతపడిపోవడం, లేదా దానికి విరుద్ధంగా వెనక్కి విరుచుకోవడం, గాలిలో వంగాల్సినప్పుడు కర్రలా బిగుసుకుపోవడం. ఒకే మనిషిలో ఇవి కలిసి ఉండొచ్చు. కాబట్టి మీ కంట్రోలరు ఒక దశలో పట్టుకోవాలి, ఇంకో దశలో వదలాలి.

పాదం ఆనగానే స్ప్రింగు గట్టిగా ఉండాలి, అయితే ఆ 15 డిగ్రీల వంపుకు చోటివ్వాలి. చాలామంది విద్యార్థులు ఇక్కడ మోకాలిని తిన్నగా తాళం వేసేస్తారు. పడకుండా ఉంటారు గానీ నడక పాడవుతుంది, తుంటికి దెబ్బ తగులుతుంది. ఒంటికాలి మీద బరువున్నప్పుడు వెనక్కి విరుచుకోకుండా ఆపే స్ప్రింగు ఒకటి చాలు. అసలు కీలకం తర్వాతి క్షణం. మడమ లేచి, వేళ్లు ఇంకా నేల మీద ఉండగానే గట్టిదనం పూర్తిగా వదిలేయాలి. గాలిలో వచ్చే ఆ 60 డిగ్రీల వంపుకు పునాది పాదం నేల వదలక ముందే పడుతుంది. వేళ్లు లేచాక వదిలితే ఆలస్యమైపోయినట్టే, కాలును పక్కనుంచి అర్ధచక్రంలా తిప్పి తెచ్చుకోవాల్సి వస్తుంది. గాలిలో మొదట వంపుకు చిన్న సాయం, చివర్లో కాలు విసురుగా తిన్నబడకుండా డ్యాంపింగ్. టార్కు సరిపోదేమోనని భయపడుతున్నట్టున్నారు. నేల మీద మామూలు నడకలో మోకాలికి అవసరమయ్యేది కిలో బరువుకు సుమారు అర న్యూటన్ మీటరు, డెబ్బై కిలోలకు 35 దాకా. అందులో మూడోవంతు మీరిచ్చినా పేషెంటుకు తెలుస్తుంది. మెట్లకు, కుర్చీలోంచి లేవడానికి ఇంతకంటే చాలా ఎక్కువ కావాలి. వాటిని ఈ ప్రాజెక్టులోంచి తీసేయండి.

ఒక దశలోంచి ఇంకో దశకు ఎప్పుడు మారాలో తెలుసుకోవడానికి మడమ కింద ప్రెజర్ సెన్సరు ఒక్కటే పెట్టి వదిలేయకండి. పక్షవాతం వచ్చిన చాలామంది మడమతో నేలను తాకరు, పాదం వేలాడి ముందుభాగంతో తాకుతారు. మీ మడమ సెన్సరు ఎదురుచూస్తూనే ఉంటుంది, కంట్రోలరు గాలిలో ఉన్నాననుకుంటుంది, మనిషి మాత్రం బరువు మోపేస్తాడు. మోకాలు మడతపడేది సరిగ్గా అప్పుడే. మడమ కింద, బొటనవేలి మొదట, చిటికెనవేలి మొదట మూడు సెన్సర్లు, పిక్క మీద ఒక ఐఎంయూ (వంపునూ కదలికనూ కొలిచే సెన్సరు), తొడ మీద ఒకటి, వీటితోపాటు మోకాలి కోణం. అనుమానం వచ్చినప్పుడు కంట్రోలరు "నేల మీదే ఉన్నాం" అనే వైపుకే మొగ్గాలి.

టైమింగ్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఒకే రోలులో ఇద్దరు రోకళ్లతో దంచేటప్పుడు రెండోవాళ్ల బలం కంటే వాళ్ల తాళమే ముఖ్యం. తాళం తప్పితే ఎంత బలంగా దంచితే అంత నష్టం. ఎక్సోల చరిత్రలో దీనికి మంచి సాక్ష్యాలున్నాయి. 2013లో బెల్జియం పరిశోధకులు ఫిలిప్ మాల్కమ్ బృందం చీలమండ ఎక్సోలో తోపు మొదలయ్యే క్షణాన్ని జరుపుతూ చూస్తే, నడక చక్రంలో 43 శాతం దగ్గర, అంటే రెండో పాదం నేలను తాకడానికి కొంచెం ముందు మొదలైనప్పుడు శక్తి ఖర్చు బాగా తగ్గింది. 2015లో స్టీవ్ కాలిన్స్, గ్రెగ్ సావికీ, బ్రూస్ విగ్గిన్ అసలు మోటారే లేని చీలమండ పరికరం చూపించారు. ఒక స్ప్రింగు, ఒక క్లచ్. పాదం ఆనినప్పుడు క్లచ్ పట్టుకుంటుంది, గాలిలో వదిలేస్తుంది. దానితో నడక శక్తి ఖర్చు దాదాపు 7 శాతం తగ్గింది. బ్యాటరీ లేదు, కంప్యూటరు లేదు, సరైన క్షణంలో పట్టుకోవడం, సరైన క్షణంలో వదలడం, అంతే. 2017లో కాలిన్స్ బృందమే ఇంకో అడుగు వేసింది. టార్కు ఎంత, ఎప్పుడు శిఖరానికి చేరాలి, ఎంతసేపట్లో ఎక్కాలి, ఎంతసేపట్లో దిగాలి అన్న నాలుగు అంకెలను, మనిషి ట్రెడ్‌మిల్ మీద నడుస్తుండగా ఊపిరిని కొలుస్తూ కంప్యూటరే సర్దుకునేలా చేశారు. ఒక చీలమండ ఎక్సోతో ఖర్చు సగటున 24 శాతం తగ్గింది. మనిషి మనిషికీ ఆ నాలుగు అంకెలు వేరుగా వచ్చాయన్నది నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది. మీ గట్టిదనం అంకెలు కూడా ఒక పేషెంటువి ఇంకొకరికి పనికిరావు. ఫిజియోథెరపిస్టు తిప్పుకోగలిగే నాబ్‌లు పెట్టండి, ల్యాప్‌టాప్ తెరిచి కోడు మార్చేలా కాకుండా.

ఈ టైమింగ్‌ను చడీచప్పుడు లేకుండా పాడుచేసేది ఫిల్టరు, అంటే సెన్సరు సంకేతంలో రొద తీసి నున్నగా చేసే లెక్క. 5 హెర్ట్జ్ దగ్గర కోసే రెండో ఆర్డరు బటర్‌వర్త్ ఫిల్టరు ఒక్కటే సుమారు 45 మిల్లీసెకన్ల ఆలస్యం తెస్తుంది. సెకను పైచిలుకు నడక చక్రంలో అది 4 శాతం. కోణం గీత నున్నగా కనబడుతోందని సంబరపడే ముందు ఈ లెక్క వేసుకోండి.

ఈఎంజీ దగ్గరకు వద్దాం. దాని మీద మీకున్న ఆశ న్యాయమైనదే. కండరం బిగుసుకోవడానికి కొన్ని పదుల మిల్లీసెకన్ల ముందే విద్యుత్ సంకేతం చర్మం మీద దొరుకుతుంది. మిగతా ఏ సెన్సరైనా కదలిక మొదలయ్యాకే చెప్తుంది, ఇది ముందే చెప్తుంది. జపాన్‌లో త్సుకుబా యూనివర్సిటీ ప్రొఫెసర్ యోషియుకి సంకాయి హాల్ అనే సూటును దీని ఆధారంగానే నిర్మించారు. కానీ గమనించండి, సంకేతం దొరకనప్పుడు నడక నమూనాలతో తనంత తాను నడిపించే రెండో పద్ధతి కూడా హాల్‌లో ఉంది. ఈఎంజీ ఒక్కదాని మీద ఆధారపడకపోవడంలో అర్థముంది.

మన ఊళ్లో దీని మొదటి శత్రువు చెమట. ఏప్రిల్ నుంచి సముద్రపు తేమలో, ఏసీ లేని గదిలో, బ్రేసు కింద ఎలక్ట్రోడు అంటించి పావుగంట నడిపించండి, బేస్‌లైను ఎటు పోతుందో చూడండి. గోడ ప్లగ్గుల 50 హెర్ట్జ్ రొద, మీ మోటారు డ్రైవరు స్విచింగ్ రొద దీనికి అదనం. ఉపయోగపడే సంకేతం సుమారు 20 నుంచి 450 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. దాన్ని రెక్టిఫై చేసి (మైనస్ విలువల్ని ప్లస్ చేసి), నున్నగా చేసి ఎన్వలప్ (సంకేతం బలం ఎక్కడం, దిగడం చూపే గీత) తీస్తారు. ఆ నున్నచేసే ఫిల్టరు పైన చెప్పినంత నెమ్మదైతే, ఈఎంజీ ఇచ్చిన ఆ కాస్త ముందస్తు సమయాన్నీ అదే తినేస్తుంది. ఇవన్నీ ఇంజనీరింగ్ చిక్కులు, గట్టెక్కొచ్చు. గట్టెక్కలేనిది ఇంకోటి ఉంది. పక్షవాతంలో కండరాలు విడివిడిగా కాకుండా గుంపుగా బిగుసుకుంటాయి. వంగాల్సిన టైములో తొడ ముందు కండరం బిగుసుకుంటే, ఈఎంజీని నమ్మిన మీ కంట్రోలరు "ఓహో, కాలు చాపాలనుకుంటున్నాడు" అని ఆ తప్పుకే బలం చేకూరుస్తుంది. ఆరోగ్యవంతుడిలో ఈఎంజీ ఉద్దేశం చెప్తుంది. ఈ పేషెంటులో ఉద్దేశాన్నీ జబ్బునూ కలిపి చెప్తుంది.

ఇంకో హెచ్చరిక. మనిషికి ఎలక్ట్రోడ్లు అంటించి ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌ను ఛార్జరుకు కలపకండి. బ్యాటరీ మీదే నడపండి, మెయిన్స్ కరెంటు మనిషికి చేరకుండా ఆపే ఐసొలేషన్ లేని బోర్డు అయితే అసలు వాడకండి.

డీప్ లెర్నింగ్ మీద మీ గైడుగారి ఉత్సాహానికి కారణాలున్నాయి. 2024లో నేచర్ పత్రికలో రెండు గట్టి పేపర్లు వచ్చాయి. జార్జియా టెక్ వాళ్లు, మనిషి నడుస్తున్నాడా, ఎక్కుతున్నాడా, గెంతుతున్నాడా అని వర్గీకరించడం మానేసి, ఒంటి మీది సెన్సర్ల నుంచి కీళ్లలో ఆ క్షణాన పుడుతున్న టార్కును నేరుగా న్యూరల్ నెట్‌వర్కుతో అంచనా వేయించారు. అందులో కొంత భాగాన్ని మోటారు అందిస్తుంది. పని మారినా కంట్రోలరు మారనక్కర్లేదు. అది నిజంగా అందమైన ఆలోచన. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో హావో సూ బృందం మొత్తం శిక్షణను సిమ్యులేషన్‌లోనే ముగించి, నేరుగా మనుషుల మీద పెట్టి, నడకలో 24 శాతం, పరుగులో 13, మెట్లలో 15 శాతం శక్తి ఆదా చూపించింది. కానీ రెండు చోట్లా తొడుక్కున్నది ఆరోగ్యవంతులు. నేర్చుకున్న డేటా గానీ, సిమ్యులేషన్‌లోని శరీరం గానీ ఆరోగ్యవంతమైన నడకకు సంబంధించినవే. పక్షవాతం నడక ఏ ఇద్దరిదీ ఒకలా ఉండదు, ఒకే మనిషిది కూడా ఉదయం, సాయంత్రం ఒకలా ఉండదు. మీ నలుగురి కాళ్ల మీద డేటా తీసి శిక్షణ ఇచ్చిన నెట్‌వర్కుకు ఆ నడక పూర్తిగా కొత్త లోకం. తొంభై అయిదు శాతం కచ్చితత్వం అని రిపోర్టులో రాసుకుంటే బాగుంటుంది. అంటే ప్రతి ఇరవై అడుగుల్లో ఒకటి తప్పు. మెట్ల మీద ఆ ఒక్కటి చాలు.

గైడుగారిని నొప్పించకుండా బయటపడే దారి ఉంది. దశల్ని గుర్తించే పని కోసం ఒక చిన్న నెట్‌వర్కును శిక్షణ ఇచ్చి, దాన్ని మోటారుకు కలపకుండా, పైన చెప్పిన నిబంధనల కంట్రోలరు పక్కన నడిపించండి. రెండూ ఎక్కడ విభేదించాయో లాగ్ చేయండి. ఆ విభేదాల పట్టికే మంచి చాప్టరు అవుతుంది.

పరీక్షలకు విశాఖ కంటే మంచి ఊరు దొరకదు. మీ టీమ్ వాళ్లే తొడుక్కుని ముందు కాలేజీ వరండాలో చదును మీద నడవండి. తర్వాత వాల్తేరు అప్‌ల్యాండ్స్ నుంచి బీచ్ రోడ్డు వైపు దిగే వాలు. దిగేటప్పుడు మోకాలు ఎక్కువగా బ్రేకు పని చేస్తుంది, చదును మీద సరిచేసుకున్న అంకెలు అక్కడ చెల్లవని మీకే కనబడుతుంది. ఆర్కే బీచ్ ఇసుకలో నడిస్తే ప్రెజర్ సెన్సర్లు గందరగోళపడతాయి, పాదం ఎప్పుడు ఆనిందో చెప్పలేవు. సింహాచలం మెట్ల మీదికి మాత్రం ఈ పరికరంతో వద్దు.

భద్రత విషయంలో అందరూ ఎర్ర బటన్ పెడతారు. అది నొక్కితే ఏం జరగాలో ఎవరూ ఆలోచించరు. బరువంతా ఆ కాలి మీద ఉన్నప్పుడు కరెంటు పోతే, చిన్న గేరు నిష్పత్తి ఉన్న మోకాలు ఒక్కసారిగా వదులైపోతుంది. ఆపడమే ప్రమాదం అవుతుంది. అందుకని కరెంటు తీసేసినప్పుడు మోటారు మూడు వైర్లూ ఒకదానికొకటి కలిసిపోయేలా రిలే పెట్టండి. అప్పుడు మోటారే జనరేటరు బ్రేకులా పనిచేసి, మోకాలు దబ్బున కాకుండా మెల్లగా వంగుతుంది. బ్రేసులో లోహపు స్టాపర్లు ఉండాలి, మోకాలు వెనక్కి విరగకుండా ఆపే పని సాఫ్ట్‌వేరుకు ఎప్పుడూ అప్పగించకూడదు. టార్కుకు పరిమితి, టార్కు మారే వేగానికి పరిమితి, ప్రోగ్రాము ఇరుక్కుపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్, ఈ మూడూ మొదటి రోజే రాయండి.

పేషెంటు మీద పరీక్ష అంటే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. తెలిసిన ఫిజియో ఉన్నాడు, ఒకసారి తొడిగి చూద్దాం అనడం కుదరదు. కేజీహెచ్ గానీ, విమ్స్ గానీ, ఇంకెక్కడైనా గానీ ముందు కాగితాలు, తర్వాతే పట్టీలు. మీ సెమిస్టర్ టైములో అది తేలకపోతే ఆరోగ్యవంతుల మీద సున్నా టార్కు ఫలితాలతోనే సబ్మిట్ చేయండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ముందుముందు దీన్ని ఉత్పత్తిగా మార్చాలనుకుంటే పెదగంట్యాడ మెడ్‌టెక్ జోన్‌లో టెస్టింగ్ ల్యాబులు మీ ఊళ్లోనే ఉన్నాయి.

ఈఎంజీ బోర్డు కొన్నందుకు బాధపడకండి, దానికి మంచి పని ఉంది. ఆజ్ఞలకు కాకుండా కొలతకు వాడండి. తొడ ముందు కండరం మీద ఎలక్ట్రోడు పెట్టి, సాయం లేకుండా కొంతసేపు, సాయంతో కొంతసేపు నడిపించి రెండు ఎన్వలప్‌లు పోల్చండి. సాయం మొదలయ్యాక నడక మెరుగుపడి, కండరం కూడా పనిచేస్తూనే ఉంటే మీ గట్టిదనం అంకెలు సరైన చోట ఉన్నట్టు. నడక బాగుండి కండరం చప్పబడిపోతే మీ మిషను ఎక్కువ చేస్తోంది, గట్టిదనం పది శాతం తగ్గించి మళ్లీ చూడండి. ఆ రెండు గీతలు, పక్కనే సున్నా టార్కు మోడులో మోకాలి కోణం, ఈ మూడూ ఇక్కడ పెడితే మిగతాది అంకెలతో మాట్లాడుకోవచ్చు. మోటారు మోడల్, గేరు నిష్పత్తి కూడా రాయండి, ఆ ముక్క మీ ప్రశ్నలో లేదు.